ఒంగోలు గోజాతి

‘అచ్చోసిన ఆంబోతు’ అనుమాట నేఁడు తిట్టుగా వాడఁబడుచున్నది. కాని, ఒంగోలు గోజాతి యుత్కర్షమునకు ముఖ్యకారణములలో నొకటి యా యాంబోతే.

ఒంగోలు, కందుకూరు సీమల రైతులు పితృదేవతలకై వృషోత్సర్గ మొనర్చునపుడు, సలక్షణమైన కోడెదూడనే యేఱి, ముద్రవేసి విడిచెడివారు. అది యెవరి చేనఁ బడి మేసినను అదలించువారు లేరు. ఊరి యావుల కదియే బీజము. ఇట్లు ఒక యింటి పితృకార్యము ఊరిమంద కంతటికిని మేలు చేసినది. ఆవులు పాలును, ఎడ్లు సేద్యమునకు బలమును నొసఁగినవి.

19వ శతాబ్దమున నీ పశువులు ఓడలపై బ్రెజిలు దేశమును జేరినవి. 1904 వఱకు ఒంగోలు నెల్లూరుజిల్లాలోనిది. కావున నచట వీనికి ‘నెలోరె’ యను పేరు నిలిచినది. నేఁ డా దేశపు పశువులలో నధికభాగ మీ సంతతియే. అయితే అచ్చట వీనిని ముఖ్యముగా మాంసమునకై పెంచుచున్నారు.

మన సీమలోనో, ట్రాక్టరు వచ్చి యెద్దును, గేదె వచ్చి యావును వెనుకకుఁ ద్రోసినవి, మందలు సన్నగిల్లినవి. పరదేశము జాతిని నిలుపుకొన్నది. పుట్టినసీమ తిట్టును నిలుపుకొన్నది. ఊరికొక మేలి యాఁబోతును మరల నిలుపుకొనుట మన విధి.