విద్యాసంధి: మారిషస్ తెలుగువారి భాషాసాధన

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లితో ఆరంభమవుతుంది. బ్రహ్మవిద్యకు పూర్వమే వర్ణము, స్వరము, మాత్ర మొదలైన ఉచ్చారణాంగాలను అది ఉపదేశిస్తుంది. అనంతరం ఆచార్యుడు పూర్వరూపమనీ, అంతేవాసి ఉత్తరరూపమనీ, విద్యయే సంధియనీ, ప్రవచనమే సంధానమనీ నిరూపిస్తుంది. ఆ సంధి శిథిలమైతే తరతరానికీ మధ్య ఏమి సంభవిస్తుందో, దానిని తిరిగి కూర్చుకొనుటకు ఎంతటి సాధన కావలెనో మారిషస్ తెలుగువారి చరిత్ర తెలుపుతుంది.

బ్రిటిష్ పాలకులు 1834లో చెరకు తోటల నిమిత్తం ఆ ద్వీపంలో ఒప్పంద కూలీ విధానాన్ని ప్రవేశపెట్టారు. 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో కొందరు అక్కడినుండి ఇతర దేశాలకు తరలింపబడ్డారు. నాటి వలసదారుల కేంద్రమే నేటి ఆప్రవాసీ ఘాట్. దానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెలుగువారికి గోదావరీ ముఖద్వార సమీపంలోని కోరంగి రేవు పేరిట ‘కోరంగీలు’ అనే వ్యవహారనామం ఏర్పడింది.

వారు తమ వెంట సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను, రామభజనను తీసుకొనిపోయారు. దీపాన్ని మధ్యనుంచి, దాని చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతూ రాత్రియంతా రామనామ గానం చేయుట అక్కడి సంప్రదాయం. ఆచారం నిలిచింది గాని భాష క్షీణించింది. భోజ్‌పురీ భాషీయుల మధ్య తెలుగువారు అల్పసంఖ్యాకులు. ఇంట క్రియోల్, బడిలో ఆంగ్లము, ఫ్రెంచి ప్రబలమయ్యాయి. కీర్తనలను రోమన్ లిపిలో వ్రాసుకొని పాడవలసిన స్థితి కలిగింది.

అర్థమెరుగక వేదం వల్లించువాడు భారం మోసే స్థాణువు వంటివాడని యాస్కుని నిరుక్తం హెచ్చరిస్తుంది. నామస్మరణకు భావమే ప్రధానమనువారు ఈ మాటను కఠినంగా తలంచవచ్చును. నిజమే, అర్థం తెలియని భక్తుని భక్తి వ్యర్థం కాదు. కాని అతడు తన బిడ్డకు స్వరాన్ని మాత్రమే ఇవ్వగలడు. బిడ్డ అర్థమడిగిన నాడు అతని వద్ద సమాధానముండదు. సంధి తెగేది అక్కడనే.

ఈ ప్రమాదాన్ని గ్రహించిన పెద్దలు 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభను స్థాపించారు. సాయంకాల పాఠశాలలలో పిల్లలకు అక్షరాభ్యాసం సాగింది. కాలక్రమేణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనూ తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. 1970లో ఏర్పడిన మహాత్మాగాంధీ సంస్థ ఉన్నతస్థాయి అధ్యయనానికి ఆశ్రయమిచ్చింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం.

అయినను ఆ పాఠశాలలు తెలుగును తిరిగి గృహభాషగా చేయలేకపోయాయి. నేడది ప్రధానంగా బడిలోను, మందిరంలోను వినిపించే భాష. దీనిని వైఫల్యమని తలంచనవసరం లేదు. శతాబ్దాలుగా సంస్కృతం అధికసంఖ్యాకులకు మాతృభాష కాకున్నను, గురుశిష్య పరంపర వల్లనే జీవించియున్నది. జన్మచేత లభించని వాక్కు అధ్యయనంచేత లభిస్తుంది. దీపం చుట్టూ తిరుగుతున్న బాలుడు తాను పాడే చరణాన్ని తెలుగు లిపిలో చదివి, దాని భావాన్ని తన పెద్దలకు విప్పి చెప్పగలిగినప్పుడు అంతేవాసియే ఆచార్యుడవుతాడు. అప్పుడు ఉత్తరరూపమే పూర్వరూపమై, విద్యాసంధి మరల కూడుతుంది.