రాగి గీతల మధ్య ఎడం

ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద రెండు రాగి ట్రాకుల మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించేవి రెండు: వోల్టేజీ, తయారీ నేర్పు. మొదటి లెక్కకు పునాది బోర్డు పుట్టకముందే పడింది. గాలిలో ఎన్ని వోల్టులకు నిప్పురవ్వ ఎగురుతుందనేది ఎడం మీద, గాలి పీడనం మీద ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లోనే తేల్చాడు.

రెండో లెక్క పాల్ ఐస్లర్‌తో మొదలైంది. వియన్నాలో పుట్టి లండన్ చేరిన ఈ ఇంజనీరు, రాగిరేకును రసాయనంతో కరిగించి గీతలు మిగిల్చే పద్ధతికి 1943లో పేటెంటు కోరాడు. ఆ రసాయనం కిందికే కాక పక్కలకూ తింటుంది. అందుకే రేకు మందమైన కొద్దీ ఎడం పెంచక తప్పదు.

1960, 70లలో డిజైనర్లు పారదర్శక ఫిల్మ్ మీద రెండింతలు, నాలుగింతల సైజులో నల్ల టేపు అంటించేవారు. ఫొటో తీసి కుదిస్తే చేతి తప్పూ కుదించుకుపోయేది. 2.54 మిల్లీమీటర్లకొకటిగా ఉండే ఐసీ కాళ్ల సందులోంచి ఒక ట్రాకు లాగడమే అప్పట్లో పనితనం. ఎడం సరిచూసేది కళ్లే.

1957లో ఏర్పడ్డ ఐపీసీ సంస్థ, అమెరికా సైనిక ప్రమాణాలు ఈ అనుభవాన్ని పట్టికలుగా మార్చాయి. 1998 నాటి ఐపీసీ-2221 ప్రకారం 301 నుంచి 500 వోల్టుల వరకు పూతలేని పై పొరలో 2.5 మిల్లీమీటర్లు కావాలి. దుమ్ము, తేమ చేరని లోపలి పొరలో 0.25 చాలు. సముద్రమట్టానికి 3,050 మీటర్లు దాటితే పై పొరకు 12.5 కావాలి. గాలి పలచబడితే రవ్వ సులువుగా దూకుతుంది కాబట్టి ఇక్కడ పాషెన్ మాటే చెల్లింది. కరెంటు సరఫరాకు తగిలే పరికరాల్లో భద్రతా ప్రమాణాలు గాలిలో దూరాన్ని, ఉపరితలం వెంబడి దూరాన్ని వేర్వేరుగా కొలుస్తాయి. బోర్డులో గాడి కోస్తే ఉపరితలం మీది దారి పొడవవుతుంది.

తర్వాత కొలిచే పని కంప్యూటర్ల చేతికి వెళ్లింది. 1992లో ఫ్రాన్స్‌లో జాన్-పియెర్ షరాస్ మొదలుపెట్టిన కైక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు ఎడం తప్పితే గుర్తు పెట్టి చూపుతున్నాయి. ఫ్యాక్టరీలు 0.1 మిల్లీమీటరు ఎడాన్నీ మామూలుగా చెక్కుతున్నాయి.

ఎనభై ఏళ్లలో తయారీ లెక్క ఎంతో తగ్గింది, వోల్టేజీ లెక్క మాత్రం తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ మనమిచ్చిన అంకెనే సరిచూస్తుంది, ఆ అంకె సరైనదో కాదో దానికి పట్టదు. కాబట్టి బోర్డు గీసేవారు ముందు వోల్టేజీ పట్టిక, ఆ తర్వాత ఫ్యాక్టరీ కనీస కొలత చూసి, రెండింటిలో పెద్దదాన్నే నిబంధనగా పెట్టుకోవాలి.