వాననీటి అడుగున మిగిలేది

బురదనీటిని కుండలో నిలబెట్టి తేర్చుకోవడం మనకు కొత్త కాదు. చిల్లగింజను అరగదీసి కలిపితే నీరు త్వరగా తేటపడుతుందని పెద్దలు ఎరుగుదురు. సుశ్రుత సంహిత దానినే కతకమని పేర్కొన్నది. నీటిని నిలిపి తేర్చే ఈ ఉపాయమే నగర వీధుల వాననీటికి చికిత్సగా మారిన చరిత్ర ఆరోగ్యం కోరే ప్రతివారూ తెలుసుకోదగినది.

ద్రవంలో కదిలే చిన్న గోళానికి ఎదురయ్యే నిరోధాన్ని 1851లో జార్జి స్టోక్స్ గణితంతో తేల్చాడు. ఆ సూత్రం ప్రకారం రేణువు వ్యాసం పదోవంతైతే, అది దిగే వేగం నూరోవంతవుతుంది. నిశ్చలమైన నీటిలో 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు ఒక మీటరు దిగడానికి సుమారు 2 నిమిషాలు చాలు. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు 3 గంటలు, 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు 12 రోజులు పడుతుంది. తొట్టి లోతుకన్నా దాని ఉపరితల వైశాల్యమే ముఖ్యమని 1904లో అమెరికా ఇంజనీరు అలెన్ హేజెన్ వివరించాడు.

అయినా చాలాకాలం ప్రభుత్వాల దృష్టి ఇళ్ల మురుగు, కర్మాగారాల వ్యర్థాల మీదనే నిలిచింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1978 నుండి 1983 వరకు 28 చోట్ల వీధుల వాననీటిని పరిశీలింపజేసింది. అందులో సీసం, రాగి, జింకు విస్తారంగా కనిపించాయి. పెట్రోలులో సీసం కలిపే కాలమది. సీసంలో అధికభాగం సన్నని రేణువులను అంటుకొని ఉంటుంది కనుక, ఎల్లప్పుడూ నీరు నిలిచి ఉండే విశాలమైన కుంటలు దానిని బాగా ఆపగలిగాయి. నీటిలో కరిగిన లవణాలు మాత్రం ఈ పద్ధతికి లొంగవు.

సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సురక్షితమనదగిన మోతాదు ఏదీ లేదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయింది. కానీ సీసం కుళ్లదు, కరిగి మాయమవదు. అడుగున చేరినది అక్కడే ఉంటుంది.

పల్లె చెరువు పూడికమట్టి పొలానికి బలమని మన రైతుల అనుభవం. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో ఆ మట్టి పొలాలకు చేరింది. నగర వీధుల వరద చేరే చెరువు పూడికను అదే దృష్టితో చూడరాదు. పరీక్ష చేయించనిదే దానిని ఆకుకూరల మడులకు వాడరాదు. పిల్లలను అందులో ఆడనీయరాదు.

తేర్చడం విషాన్ని చంపదు, ఒకచోట చేరుస్తుంది. సకాలంలో పూడిక తీయని కుంట, మరో పెద్దవానకు ఆ విషాన్ని తిరిగి నీటిలో కలుపుతుంది.