నాలుగు సరిహద్దు రాళ్ల ఊరు

మారిషస్ దీవి నడిబొడ్డున, సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది మా ఊరు కాత్ర్ బోర్న్. బాసేన్, లా లూయీజ్, పాల్మా, బో సెజూర్ అనే నాలుగు ఎస్టేట్ల హద్దులు కలిసిన చోట ఒకప్పుడు నాలుగు రాళ్లు పాతారు. ఊరికి పేరు వాటివల్లే వచ్చింది. రాళ్లు పోయినా ఎస్టేట్ల పేర్లు నిలిచాయి. ఇప్పటికీ బస్సెక్కి లా లూయీజ్‌లో దిగుతాం, పాల్మాలో అద్దెకు ఇల్లు వెతుక్కుంటాం. చెరకు తోటల గట్లున్న చోట ఇప్పుడు మునిసిపాలిటీ వీధులు ఉన్నాయి.

ఊరికి పడమటి దిక్కున కోర్ ద గార్ద్ కొండ. ఎస్టేట్ల నుంచి పారిపోయి అడవుల్లో దాక్కున్న బానిసలను పట్టుకోవడానికి ఫ్రెంచివాళ్లు అక్కడ సైనికుల కాపలా పెట్టారు, కొండకు ఆ కాపలా పేరే స్థిరపడింది. అదే కొండ వాలు మీద ఇవాళ మురుగన్ కోవెల ఉంది. తైపూసానికి తమిళులు కావడి మోసుకుంటూ ఎక్కుతారు. ఆ రోజు దేశమంతటికీ సెలవు.

నేను విశాఖపట్నం నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాను. ఊరి పక్కనే ఎబెన్ సైబర్ సిటీ, భారతదేశం సాయంతో మొదలైంది. అక్కడి ఆఫీసుల్లో పనిచేసే హైదరాబాదు, విజయవాడ, చెన్నై కుర్రకారులో చాలామంది కాపురం పెట్టేది మా ఊళ్లోనే. ఆక్యుపేషన్ పర్మిట్ మీద వచ్చినవాళ్లను ఇక్కడ ఎక్స్‌పాట్లు అంటారు. దీవి అనగానే సముద్రం పక్కన ఇల్లు ఊహించుకుని దిగుతారు. తీరా చూస్తే కిటికీలోంచి కనిపించేది కొండ, పక్కవాళ్ల డాబా, దాని మీద నీళ్ల ట్యాంకు. ఏడాది తిరిగేసరికి అర్థమయ్యేది ఏమిటంటే, మనం ఇక్కడ సౌకర్యం అనుకుని వాడుకునే వాటిలో చాలా వాటికి మూలం ఏదో ఒక విపత్తు. దాన్ని దాటినవాళ్లు నేర్చుకున్న పాఠాల మీదే మన కాపురం నడుస్తోంది.

జ్వరం కట్టిన ఊరు

పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా దీవిలో బతుకంతా పోర్ట్ లూయీ రేవు చుట్టూనే. 1866లో మలేరియా అంటుకుంది. 1867 ఒక్క ఏడాదిలోనే ముప్పై వేలకు పైగా జనం జ్వరానికి పోయారు. రేవు పట్నంలో స్మశానాలు చాలలేదు. కాస్త స్తోమతున్నవాళ్లు చల్లగా ఉండే ఎత్తు ప్రాంతానికి, అంటే ప్లేన్ విలెమ్స్ జిల్లాకు తరలిపోయారు. రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వాకోవా, క్యూర్‌పీప్ వరసగా పెరిగింది ఆ భయంతోనే.

జనం ఎక్కిపోవడానికి దారి అప్పటికే పడి ఉంది. పోర్ట్ లూయీ నుంచి ఎత్తు ప్రాంతాల మీదుగా మాయెబూర్ దాకా రైలు 1865లో నడిచింది. ప్రధానంగా పంచదార మూటల కోసం వేసిన బాట అది. ఉద్యోగస్థులు పొద్దున రేవు పట్నానికి దిగి, పనిచూసుకుని, చీకటి పడకముందే కొండెక్కి వచ్చేవారు. 1956లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, 1964కు సరుకుల రైళ్లూ ఆగాయి. మళ్లీ 2019లో మెట్రో మొదలై, 2022 నాటికి క్యూర్‌పీప్ చేరింది. చాలా చోట్ల పాత రైలు బాటనే అది పట్టుకుంది. పొద్దున్నే ఆ మెట్రోలో లాప్‌టాప్ బ్యాగులతో నిలబడే మేమూ, నూట యాభై ఏళ్ల కిందటి గుమస్తాలూ ఒకే దారిన పోయినవాళ్లం.

మలేరియాను ఈ దేశం మరిచిపోలేదు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశంగా గుర్తించింది. కానీ 1975 నాటి జెర్వేజ్ తుపాను తరవాత అది మళ్లీ తలెత్తింది. అందుకే భారతదేశం వెళ్లి వచ్చిన వాళ్ల చిరునామా విమానాశ్రయంలోనే రాసుకుంటారు. తరవాత ఆరోగ్యశాఖ ఉద్యోగి గేటు దగ్గరికి వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు. జ్వరం వచ్చిందా, ఒళ్లు నొప్పులున్నాయా అని అడిగి, వేలి కొసన సూదితో గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుని, సంతకం పెట్టించుకుని పోతాడు. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని అనుమానంగా చూస్తారు. సంక్రాంతికి ఇంటికెళ్లొచ్చిన పాపానికి పోలీసు విచారణా అని నవ్వుకుంటారు. ఈ ఊరు పెరిగిందే ఆ రోగానికి జడిసి అని తెలిస్తే వేలు వాళ్లే చాపుతారు.

గాలి నేర్పిన ఇల్లు

1960 ఫిబ్రవరి ఆఖరులో కరోల్ తుపాను దీవి మీదుగా వెళ్లింది. గంటకు 250 కిలోమీటర్లు దాటిన గాలికి కర్ర గోడలు, రేకు కప్పులు, గడ్డి ఇళ్లు నిలవలేదు. అంతకు ముందు నెలలోనే అలిక్స్ తుపాను వచ్చి పోయింది. ఆ దెబ్బ తరవాత ప్రభుత్వం పేదలకు కాంక్రీటు ఇళ్లు కట్టించింది, తక్కినవాళ్లూ అప్పో సొప్పో చేసి కాంక్రీటులోకే మారారు. ఇవాళ మా వీధిలో ఏ ఇల్లు చూసినా పెట్టెలాగే ఉంటుంది, పైన చదును డాబా. ఇంత అందమైన దీవిలో ఇంత అందంలేని ఇళ్లేమిటని కొత్తవాళ్లు అంటారు. కరోల్ చూసిన ముసలివాళ్ల ముందు ఆ మాట అనకపోవడమే మంచిది.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాను కాలం. హెచ్చరికలు నాలుగు క్లాసులు. ఒకటో క్లాసుకు ఎవరూ పెద్దగా కదలరు. రెండో క్లాసు వినగానే కొవ్వొత్తులు, రొట్టెలు, డబ్బా చేపలు, తాగే నీళ్లు కొని పెట్టుకుంటారు, బకెట్లన్నీ నింపుతారు. గంటకు 120 కిలోమీటర్ల గాలులు రావడానికి ముందు వీలైనంతవరకు ఆరు గంటల పగటి వెలుతురైనా మిగలాలన్న లెక్కతో మూడో క్లాసు ప్రకటిస్తారు. బడులు, ఆఫీసులు మూతపడతాయి, బస్సులు డిపోలకు చేరతాయి. నాలుగో క్లాసంటే ఆ గాలి వచ్చేసినట్టే, గడప దాటకూడదు. విశాఖలో హుద్‌హుద్‌ను చూసిన నాకు గాలి కొత్త కాదు. ఊరంతా ఒకే లెక్క ప్రకారం నడవడం మాత్రం ఇక్కడే చూశాను. 2024 జనవరిలో బెలాల్ తుపాను వరదకు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి కాబట్టి ఆ లెక్కకూ పరిమితులున్నాయి. అయినా పక్కింటివాళ్లు ఏం చేస్తే అది చెయ్యడమే కొత్త కాపురానికి క్షేమం.

త్రియానోన్ రాతి గదులు

ఊరి అంచున త్రియానోన్‌లో పెద్ద షాపింగ్ మాల్ ఉంది. శనివారం సాయంత్రాలు సగం ఎబెన్ అక్కడే కనిపిస్తుంది. దానికి దగ్గరలోనే ఒకప్పటి చెరకు ఎస్టేటు కూలీల లైను ఉంది, అటు వెళ్లేవాళ్లు తక్కువ. నల్ల రాతితో కట్టిన పొట్టి గదుల వరస, పైన కమాను కప్పు. వంగి లోపలికి వెళితే చల్లగా, చీకటిగా ఉంటుంది. చెయ్యి చాపితే గోడ తగులుతుంది. అందులోనే పొయ్యి, పడక, పిల్లలు. ఇప్పుడది జాతీయ వారసత్వ కట్టడం.

1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. తోటలకు మనుషులు కావలసి వచ్చారు. రద్దుకు కాస్త ముందే మొదలుపెట్టి, 1834 నుంచి 1920 దాకా సుమారు నాలుగున్నర లక్షల మందిని ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి తెచ్చారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

ఆ లక్షల్లో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును 1839 నవంబరు తుపాను దాదాపు తుడిచిపెట్టేసింది. నాలుగేళ్లకు, 1843లో, ఆ తీరం నుంచే కోరంగి పాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను ఈ దీవికి తెచ్చింది. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెల నుంచి ఇంకెందరో వచ్చారు. రిజిస్టరులో గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా పేరు ఎక్కింది. తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది.

వాళ్లకు ముందు వచ్చినవాళ్లనూ చెప్పుకోవాలి. మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి సంకెళ్లతో తెచ్చిన మనుషుల నోట పుట్టిందే క్రియోల్. ఇవాళ తెలుగింట్లోనైనా, తమిళ ఇంట్లోనైనా, చైనా వాళ్ల దుకాణంలోనైనా మాట్లాడేది అదే. ఆఫీసు ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చే ఎక్స్‌పాట్‌కు జీతం అందుతుంది కానీ ఇరుగుపొరుగు దొరకరు. "కీ మన్యేర్?" అని పలకరించడం వచ్చాకే మా వీధి నాకు వీధైంది.

సంత రోజు

కాత్ర్ బోర్న్ సంతకు దీవంతటా పేరు. బుధ, శనివారాలు కూరగాయలు, గురు, ఆదివారాలు బట్టలు. కూరల వరసలో నిలబడితే మన రైతుబజారే. లాలో అంటే బెండకాయ, పాతోల్ అంటే పొట్లకాయ, పిపంగాయ్ అంటే బీరకాయ, మార్గోజ్ అంటే కాకరకాయ. ఆకుకూరలన్నీ బ్రెడ్‌లు, బ్రెడ్ మురుం అంటే మునగాకు. తుపాను పోయిన వారం మాత్రం బల్లలు ఖాళీ, ఉన్న కాస్త కొత్తిమీరకూ బంగారం ధర. గేటు పక్కన ధోల్ పూరీ బండి దగ్గర ఎప్పుడూ వరస ఉంటుంది. ఉడికించి పొడిచేసిన పప్పు లోపల పెట్టి పల్చగా వత్తి కాల్చిన రొట్టెలు రెండు, మీద కూర, పచ్చడి. గాతో పిమా అని వేడివేడిగా వేయించి ఇచ్చేవి మన మసాలా వడలే. వాటిని వెన్న రాసిన రొట్టెలో పెట్టుకుని తినడం ఇక్కడి పద్ధతి. రెండోసారి తిన్నాక అభ్యంతరం ఉండదు.

మా ఇంటి వెనక పెద్దావిడ దొడ్లో మునగచెట్టు ఉంది. ఆవిడ ముత్తాత కళింగాంధ్ర నుంచి వచ్చిన కూలీ అట. ఆవిడకు తెలుగు రాదు. కానీ రామభజనం రాత్రి దీపం చుట్టూ తిరుగుతూ పాటలు పాడుతుంది, ఒక్క మాట తడబడదు. మునగాకు కోసి గోడ మీదుగా అందిస్తూ నన్ను "మో గార్సోన్" అంటుంది, నా అబ్బాయీ అని. మేము అమ్మగారూ అంటాం. సింహాద్రి అప్పన్న పూజకు మొదట పిలిచింది ఆవిడే. విశాఖలో కొండ కింద ఉంటూ ఏడాదికోసారి చందనోత్సవం క్యూ చూసి వెనక్కి వచ్చేసినవాణ్ని, ఇక్కడ అప్పన్న ప్రసాదం పంచిపెట్టాను.

ఉగాది ఇక్కడ జాతీయ సెలవు. ప్రాథమిక బడుల్లో తెలుగు నేర్పుతారు, ప్రభుత్వ రేడియో, టీవీల్లో తెలుగు కార్యక్రమాలు వస్తాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దేశంలోనే. ఋతువులు మాత్రం తలకిందులు. మామిడి కాపు నవంబరు నుంచి జనవరి దాకా, ఉగాది నాటికి చెట్లు ఖాళీ. అందుకని పచ్చడికి డిసెంబరులోనే కాయ తరిగి ఫ్రీజరులో దాస్తాం, వేపపువ్వు ఇంటి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే. జూన్, జులైల్లో స్వెటర్లు తీస్తాం, ముసురు పడితే బీరువాలో బట్టలకు బూజు పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాన ఆలస్యమైతే కొళాయి వేళలు తగ్గిపోతాయి. ప్రతి డాబా మీదా ట్యాంకు ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

ఊరి చరిత్ర రాయడంలో నా స్వార్థం ఒకటుంది. ఒప్పంద కూలీల రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, పల్లె, కొందరికి ఫొటో కూడా. వారసులు అడిగితే ఆ వివరాలు తీసి ఇస్తారు. వెనకింటి అమ్మగారి దగ్గరా అలాంటి కాగితం ఉంది. ఇలాంటి కాగితం పట్టుకుని మారిషస్ వాళ్లు అప్పుడప్పుడు మన పల్లెలు వెతుక్కుంటూ వస్తుంటారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఎవరైనా మీ గడపలోకి వచ్చి, తెలుగు రాక తడబడుతూ అలాంటి కాగితం చాపితే తిప్పి పంపకండి. గుమస్తా చెవి రాసిన స్పెల్లింగు చూసి మా ఊరు కాదు అనెయ్యకండి. దాన్ని ఒకసారి గట్టిగా చదివి వినండి, మీ ఊరే కావచ్చు.