నోరు లేని నొప్పికి సాక్ష్యం

నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు 1980ల నాటికీ అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు జరిగేవి. కండరాలు కదలకుండా ఒక మందిచ్చి, కాస్త నైట్రస్ ఆక్సైడ్‌తో సరిపెట్టేవారు. అంత పసిగుడ్డుకు నొప్పి తెలియదనీ, మత్తు ఇస్తే తట్టుకోలేదనీ చాలామంది వైద్యులు నమ్మేవారు. మందు ప్రభావంతో కదలలేక, ఏడవలేక పడివున్న బిడ్డను చూసి అంతా సవ్యంగానే ఉందనుకోవడం నిజంగా ఘోరం.

ఆ నమ్మకాన్ని రక్తపరీక్షలు కూల్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే ఆపరేషన్‌లో కొందరు శిశువులకు ఫెంటానిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చింది. వాళ్లలో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో ‘లాన్సెట్’ ఈ ఫలితాలను ప్రచురించింది.

తర్వాత నర్సుల కోసం కొలమానాలొచ్చాయి. 1997 నాటి ఫ్లాక్ పద్ధతి పిల్లల ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపుకు లొంగడం చూసి మార్కులేస్తుంది. 2001లో ఫ్రాన్స్ వైద్యులు వెంటిలేటర్‌పై ఉన్నవారికి మరో కొలమానం తెచ్చారు. కానీ ముఖం కూడా మోసం చేస్తుంది. పంచదార నీళ్లు పోస్తే శిశువు ముఖం చిట్లించడం తగ్గినా, సూదిపోటుకు మెదడు స్పందన చెప్పుకోదగినంత తగ్గలేదని 2010లో లండన్ పరిశోధకులు చూపారు.

ముఖాన్ని కాక చర్మాన్ని చూసే దారీ ఉంది. చర్మపు విద్యుత్ గుణం ఉద్వేగంతో మారుతుందని 1888లోనే పారిస్‌లో షార్ల్ ఫెరె గమనించాడు. నొప్పి కలిగితే సింపథెటిక్ నాడులు అరచేతుల్లో, అరికాళ్లలో చెమట పుట్టిస్తాయి, విద్యుత్ ప్రసారం పెరుగుతుంది. నార్వేలో హానె స్టోర్మ్ దీన్నే శిశువుల అరికాలి నుంచి కొలిచింది. ఇజ్రాయెల్‌లో తయారైన నోల్ పరికరం వేలికి తగిలించే క్లిప్పుతో నాడి, చెమట, ఉష్ణోగ్రత, కదలిక కలిపి 0 నుంచి 100 వరకు ఒక అంకె ఇస్తుంది. మత్తులో ఉన్నవారికి ఇది ఆపరేషన్ గదిలో ఉపయోగపడుతోంది.

అయితే ఆ అంకె చెప్పేది శరీరపు కలవరాన్ని. భయం, జ్వరం కూడా అలాంటి కలవరాన్నే రేపగలవు. అట్రోపిన్ అనే మందు చెమటను ఆపేస్తుంది, బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. గుండె వేగం, రక్తపోటు మాత్రమే చూసి నొప్పిని తేల్చవద్దని ఐసీయూ మార్గదర్శకాలూ హెచ్చరిస్తున్నాయి.

అసలు లోటు మరొకటి. కంప్యూటర్లకు నొప్పిని గుర్తించడం నేర్పడానికి విరివిగా వాడే జర్మనీ ‘బయోవిడ్’ సమాచారం, చేతికి వేడి తగిలించుకున్న ఆరోగ్యవంతుల నుంచి సేకరించినది. వాళ్లు 18–65 ఏళ్లవారు, నొప్పి ఎంతో నోటితో చెప్పగలిగినవారు. డిమెన్షియా ముదిరిన వృద్ధులు అందులో లేరు. ఆ వృద్ధుల చేతికి నొప్పిని కొలిచే పట్టీ కట్టాలంటే, ముందు వాళ్ల నుంచే కొలతలు సేకరించి, రోజూ ఒళ్లు తుడిచి పక్క మార్చే నర్సులు గమనించిన మార్పులతో సరిచూడాలి.