రైలుపెట్టెలో మరుగుదొడ్డి

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ముప్పై నాలుగు కిలోమీటర్ల దూరానికి మరుగుదొడ్డి ఎందుకని ఎవరూ అనుకోలేదు. పట్టాలు వందల మైళ్లు సాగాక పై తరగతులకు ఆ వసతి అమరింది కానీ, కింది తరగతుల వారికి చాలాకాలం దక్కలేదు. బండి ఆగిన చోట చెంబు పట్టుకుని దిగడం, గార్డు ఈల వేస్తే ఉన్నపళంగా పరుగెత్తడం వారి వంతు.

అలా పరుగెత్తిన వారిలో ఓఖిల్ చంద్ర సేన్ పేరు మిగిలింది. 1909లో బెంగాల్‌లోని అహ్మద్‌పూర్ స్టేషనులో ఒక చేత చెంబు, మరో చేత పంచె పట్టుకుని పరుగెత్తి, ప్లాట్‌ఫాం మీద అందరి ముందూ పడ్డారట. సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి వచ్చీరాని ఇంగ్లీషులో ఫిర్యాదు రాశారు. పనసపండు ఎక్కువగా తిన్న సంగతీ దాచుకోలేదు. గార్డుకు జరిమానా వేయకపోతే పత్రికలకెక్కుతానని బెదిరించారు. ఆ ఉత్తరంతోనే సాధారణ పెట్టెలకు మరుగుదొడ్లు వచ్చాయంటారు. ఒక్క ఉత్తరానికే రైల్వే కదిలిందంటే నమ్మడం కష్టమే.

గది వచ్చినంత మాత్రాన కష్టం తీరలేదు. 1917లో మూడో తరగతిలో బొంబాయి నుంచి మద్రాసుకు వెళ్లిన గాంధీ, దారి పొడవునా దొడ్డి శుభ్రం చేయలేదని, తొట్టిలో నీళ్లే లేవని రాశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రయాణికులు చెప్పుకున్నదీ అదే: రాని నీళ్లు, పడని గడియ, గొలుసుతో గోడకు కట్టేసిన మగ్గు.

దొడ్డి గొట్టం నేరుగా పట్టాల మీదికే తెరుచుకునేది. అందుకే బండి స్టేషనులో ఆగినప్పుడు వాడవద్దని బోర్డు పెట్టేవారు. ఆ బోర్డును ఖాతరు చేసినవారు తక్కువ. తడికీ మలానికీ పట్టాలు, బిగింపులు తుప్పు పట్టేవి. స్టేషన్లలో ఆ మలాన్ని ఎత్తిపోసింది పారిశుద్ధ్య కార్మికులు. ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది వాళ్లే. ఓఖిల్ బాబు ఉత్తరాన్ని ముచ్చటగా చెప్పుకునేవారికి వాళ్లు గుర్తుకు రారు.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, చలిప్రాంతాల్లోని సైనికుల కోసం రూపొందించిన బయో టాయిలెట్‌ను రైల్వే 2011 నుంచి పెట్టెలకు అమర్చింది. పెట్టె కింది ట్యాంకులో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మార్చేస్తుంది. క్లోరిన్ తగిలాక ఆ నీరు బయటికి పోతుంది. గుట్కా ప్యాకెట్, నీళ్ల సీసా, న్యాప్‌కిన్ పడేస్తే మాత్రం గొట్టం మూసుకుపోతుంది, కంపు పెట్టెలోకే తిరిగొస్తుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017 నాటి నివేదికలో ఈ ఇబ్బందిని ఎత్తిచూపింది.

రైలును నడిపేవారి వంతు అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. మరుగుదొడ్డి ఉన్న ఇంజన్లు 2016లో గాని మొదలు కాలేదు.