ప్రభువు బాకీపడిన వేళ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. చార్మినారునకు దక్షిణమున కొండపై వెలసిన ఫలక్‌నుమా సౌధమును చూచినపుడెల్ల మాకు ఈ సామెతయే తలపునకు వచ్చును.

పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి శంకుస్థాపన చేయించెను. పని సుమారు తొమ్మిదేండ్లు సాగెను. వ్యయము 40 లక్షల రూపాయలని చెప్పుదురు. అంతటి సంపన్నుడును అప్పులపాలయ్యెను. తుదకు 1897 ప్రాంతమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆ సౌధమును తీసికొని వెల చెల్లించెనందురు.

అయితే అంతకుముందే ఈ నిజాము పేరు మరియొక బేరము మూలమున న్యాయస్థానమున వినబడినది. 1891లో సిమ్లా రత్నవర్తకుడు అలెగ్జాండర్ మాల్కం జేకబ్ ఒక పెద్ద వజ్రమును బేరమునకు తెచ్చెను. 46 లక్షలకు మాట కుదిరి, అందు సగము ముందుగా ముట్టెను. పిమ్మట వజ్రము వలదు, సొమ్ము మరల నిమ్మనిరి. వర్తకుడు ఈయలేదు. అతనిపై నమ్మకద్రోహ నేరము మోపి కలకత్తా హైకోర్టున విచారించిరి. నిజాము వాఙ్మూలమును హైదరాబాదుననే వ్రాసికొనిరి. జ్యూరీ వర్తకుని నిర్దోషియని తేల్చెను.

గెలిచిన వానికి దక్కినదేమి? వజ్రము నిజామునకే చేరెను. మిగిలిన సగము వర్తకునకు ముట్టలేదు. అతడు 1921లో బొంబాయిలో పేదవాడై మరణించెను.

అతడే దావా వేయరాదా యని శ్రోతలు అడుగవచ్చును. 1882 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారము, ఏలుబడిలోనున్న రాజుపై బ్రిటిషిండియా కోర్టులలో దావా వేయవలెనన్న ప్రభుత్వానుమతి కావలెను. 1908 నాటి కోడును ఆ నియమమును నిలిపెను. రాజు వాదిగా రావచ్చును. ప్రతివాదిగా రప్పించుట మాత్రము సర్కారు దయ.

మహబూబ్ అలీఖాన్ 1911లో ఫలక్‌నుమాలోనే కన్నుమూసెను. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజుల గుర్తింపును రద్దుచేసెను. ఆ వజ్రమును 1995లో నిజాము నగలతోపాటు భారత ప్రభుత్వము కొనెను. ఫలక్‌నుమా 2010 నుండి హోటలైనది.

నేడు పని చేయించుకొని సొమ్ము ఎగవేసినవాడు కొండమీది మేడలో నున్నను, గుత్తదారు పిలిపించినచో కోర్టు గుమ్మమెక్కవలసినదే. గడువు నిర్ణయింపని పనికి ప్రతిఫలము కోరు దావాకు 1963 కాలపరిమితి చట్టము, పని ముగిసిన నాటినుండి మూడేండ్ల వ్యవధి నిచ్చినది. గోడ ఎత్తినవాని కూలి గోడకన్న ముందు నిలువవలెనని మా మనవి.